జానెడు ట్రాక్టరు మీద తుప్పు

మొన్నామధ్య పటమటలో కొత్తగా తెరిచిన ఒక కాఫీ షాపుకు వెళ్లాను. వెళ్లాను అనడం కంటే, కాలేజీ రోజుల స్నేహితురాలు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది అనడం న్యాయం. లోపల ఒక గోడ మొత్తం తుప్పు పట్టిన ఇనప రేకులు పరిచి ఉన్నాయి. అయ్యో, తెరిచి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే ఇలా వదిలేశారేమిటని జాలిపడి, దగ్గరికి వెళ్లి గోటితో గీకి చూశాను. పొడి రాలలేదు. ముక్కు ఆనించి చూశాను. ఇనుము వాసన లేదు, పెయింటు వాసన వచ్చింది. కాఫీ తెచ్చిన అమ్మాయి, "అది రస్ట్ ఫినిష్ మేడం, హైదరాబాదు నుంచి మనుషుల్ని పిలిపించి వేయించారు," అని గర్వంగా చెప్పింది. రెండు వానాకాలాలు బయట పడేస్తే ఊరికే వచ్చేదానికి హైదరాబాదు దాకా ఎందుకమ్మా అని నేను అడగబోతుంటే, బల్ల కింద నుంచి స్నేహితురాలు నా కాలు తొక్కింది.

ఆ గోడను చూస్తూ కాఫీ చల్లారబెట్టుకున్నాను. పైనుంచి కింది వరకు ఒకే రంగు, ఒకే గరుకు. ఎక్కడా నీళ్లు కారిన గీత లేదు, చెయ్యి తగిలి నునుపుదేరిన జాడ లేదు. ఇలాంటి పని నేను చేసి ఉంటే మా నాన్న ఇంట్లో అన్నం పెట్టనిచ్చేవాడు కాదు. ఇది చదువుతున్న నా ఈడువాళ్లకు, అంటే మోకాళ్లు బాగానే ఉన్నా లేచేటప్పుడు 'అమ్మా' అనడం అలవాటు చేసుకున్న ముప్పై దాటిన తరానికి, నేను తుప్పు నేర్చుకున్న సంగతి చెప్పాలనిపించింది. డ్యాన్సు నేర్చుకున్నవాళ్లు చెప్పుకుంటారు, సంగీతం నేర్చుకున్నవాళ్లు చెప్పుకుంటారు. నేను తుప్పు నేర్చుకున్నాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

డిప్లొమా అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఆటోనగర్‌లో ఒక రేడియం షాపులో. పేరుకు రేడియమే గానీ అందులో భయపడాల్సిందేమీ లేదు. మెరిసే స్టిక్కరు కాగితాన్ని బ్లేడుతో అక్షరాలుగా, దేవుళ్లుగా, పులులుగా, సీతాకోకచిలుకలుగా కోసి, లారీల మీదా ఆటోల మీదా ట్రాక్టర్ల మీదా అతికించడమే పని. మా అమ్మ చుట్టాలకు మాత్రం నేను 'డిజైనర్'నని చెప్పేది. డిజైనర్ మధ్యాహ్నం పూట రోడ్డు మీద ఎండలో గొంతుక్కూర్చుని ఒక లారీ వెనక 'హారన్ కొట్టు' అని అతికిస్తుండగా మా మేనత్త బస్సులోంచి చూసిన రోజున ఆ బిరుదు రద్దయింది.

ఆటోనగర్‌లో ఉన్నవాళ్లకు తుప్పు చూడడం ఎవరూ నేర్పక్కర్లేదు. మా షాపుకు ఒక పక్క పాత బాడీలు విప్పేవాళ్లు, ఇంకో పక్క రేడియేటర్లు అతికేవాళ్లు, ఎదురుగా కొండల్లా పాత ఇనుము. బయటివాళ్లకు అదంతా ఒకే గోధుమ రంగు. కాస్త కాలం అక్కడ అన్నం తింటే తెలుస్తుంది, నిన్న రాత్రి వానకు వచ్చిన తుప్పు గుమ్మడిపండు రంగులో ఉంటుందనీ, ముట్టుకుంటే వేలికి అంటుతుందనీ, ఏళ్ల తరబడి పడి ఉన్నది పాత చింతపండులా నల్లబడి పొరలు పొరలుగా లేస్తుందనీ, నూనె తగిలిన చోట అసలు పట్టదనీ. మధ్యాహ్నం తీరిక దొరికితే మిగిలిపోయిన ఫోమ్ షీటు ముక్కలతో చిన్న చిన్న బళ్లు చేసేదాన్ని. లారీలు, ఆటోలు, ఒకటి రెండు ట్రాక్టర్లు. టైర్లకు అరిగిపోయిన హవాయి చెప్పులు. మా ఓనరు ఏమీ అనేవాడు కాదు, చెప్పులు ఆయనవి కానంత వరకు.

అప్పుడు మా పెదనాన్న కబురు పెట్టాడు. ఆయన కంకిపాడు రోడ్డులో కొత్త ట్రాక్టర్ల షోరూం తెరుస్తున్నాడు. గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఎదురుగా అద్దాల పెట్టెలో మా కుటుంబం కొన్న మొట్టమొదటి ట్రాక్టరు బొమ్మ ఉండాలి, అది నేనే చెయ్యాలి. కింద అతికించాల్సిన అక్షరాలు కూడా నన్నే కొయ్యమన్నాడు. 'యజమాని స్వయంగా నడిపిన తొలి ట్రాక్టర్' అని.

ఇక్కడ కొంచెం ఆగి ఒక మాట చెప్పాలి. ఆ ట్రాక్టరును తాతయ్య కొన్నాడు. కాగితాలు పెదనాన్న పేరు మీద ఉండేవి. నడిపింది మా నాన్న. పెళ్లికి ముందు ఎక్కినవాడు, నేను హైస్కూల్లో ఉండగా దాన్ని అమ్మేసేదాకా దిగలేదు. ఊళ్లో మా పొలమే కాదు, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల వరిమళ్లను నీళ్లలో దున్ని దమ్ము చేసింది ఆయనే. ఇదంతా అందరికీ తెలిసిందే. కానీ తెలిసిన సంగతులు కూడా పట్టించుకోకపోతే పాడవుతాయి కదా, ఏళ్లు గడిచేకొద్దీ పెదనాన్న పెళ్లిళ్లలో, పంక్తి భోజనాల్లో చెప్పే కథలో నాన్న మెల్లిగా సీటు మీంచి దిగి, పక్కకు జరిగి, చివరికి కనిపించకుండా పోయాడు. షోరూం ప్రారంభానికి వేయించిన ఫ్లెక్సీలో, ట్రాక్టరు కొన్న రోజు దిగిన ఫొటో పెట్టారు. దండలు వేసిన బండి మీద, సీట్లో పెదనాన్న. పక్కన బకెట్ పట్టుకుని నిలబడిన నాన్నలో, ఫ్లెక్సీ కొలతకు కత్తిరించగా, మోచెయ్యి మిగిలింది.

నాన్న ఫ్లెక్సీ చూసి, ఓ మూల వదులైన తాడు బిగించి వచ్చాడు. అమ్మ, "పోనియ్యవే, ఆయన పెద్దాయన," అంది. గొడవ పడడం నాకు చేతకాదు, ఏడవడం అంతకంటే రాదు. నాకు వచ్చింది ఒకటే. ఆ బండిని దించితే ఉన్నది ఉన్నట్టు దించాలి, మీద పడిన ప్రతి మచ్చతో సహా, ఎవరు ఎక్కడ కూర్చుని ఏం చేశారో కళ్లున్నవాళ్లకు తెలిసేటట్టు. ఫొటోలో ఉన్న కొత్త బండి ఎవరిదైనా కావచ్చు. తుప్పు పట్టిన బండి మాత్రం నడిపినవాడిది.

జానెడు పొడవున బండి కట్టడానికి పెద్ద కష్టం కాలేదు. తర్వాతిదే అసలు పని. ముందు మొత్తానికి ముదురు గోధుమ రంగు వేసి, ఆరాక దాని మీద జుట్టుకు కొట్టుకునే స్ప్రే కొట్టి, ఆ పైన ఎర్ర రంగు వేస్తాం. తర్వాత తడి బ్రష్షుతో పొడుస్తూ పోతే, కింది స్ప్రే నాని, ఎర్ర రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి గోధుమ రంగు బయటపడుతుంది. అక్కడక్కడా తడి ఉప్పు గళ్లు అంటించి రంగు వేసి దులిపితే బొబ్బల్లా వస్తాయి. ఆటోనగర్‌లో పాత ఇనుము మీంచి గీకి తెచ్చిన అసలు తుప్పును నూలుగుడ్డలో జల్లించి, పలచటి జిగురు నీళ్లలో కలిపి, స్పాంజి ముక్కతో అద్దుతాం. అమ్మ గిన్నెలు తోమే ఇనప పీచును వెనిగర్‌లో నానబెట్టి తుప్పునీళ్లు తయారు చేశాను. ఆ సీసా ఫ్రిజ్ పక్కన ఉండగా చూసి అమ్మ కషాయమనుకుంది. తాగలేదు. తాగబోయి వాసనకు ఆగిపోయింది. ఇంట్లో ఆ విషయం ఇప్పటికీ హత్యాప్రయత్నం కిందే జమ.

మొదటిసారి నేను తుప్పు వేసింది ఇంటర్నెట్‌లో చూసిన విదేశీ వీడియోల ప్రకారం. వాళ్ల బళ్లు ఏళ్ల తరబడి ఆరుబయట వానకూ మంచుకూ పడి ఉంటాయి కాబట్టి తుప్పు బానెట్ పైన మొదలై కిందికి కారుతుంది. అచ్చంగా అలాగే వేసి, మురిసిపోయి, నాన్న ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎవరిదమ్మా ఈ బండి?"

"మనదే నాన్నా."

"మన బండి అంత దిక్కులేనిదా? నేను రోజూ పొద్దున్నే కిరసనాయిలు గుడ్డ పెట్టి బానెట్ తుడిచేవాణ్ణి. పైన తుప్పేంటి?"

నేను ఆయన తరఫున యుద్ధానికి దిగితే, ఆయన నా మీదే కోప్పడ్డాడు. తుప్పు వెయ్యడమంటే ఆయన లెక్కలో బండిని సరిగ్గా చూసుకోలేదని పదిమందికీ చాటడమే. కావలిస్తే కొత్తదానిలా చేసి ఇచ్చెయ్యమన్నాడు, తన అన్నయ్య కోరిక కూడా అదే కదా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అయితే తుప్పు లేదంటావా అని అడిగాను. లేకేం, ఉంది, కానీ అక్కడ కాదు అన్నాడు. ఆ 'అక్కడ కాదు' దగ్గర పట్టుకున్నాను.

అక్కడి నుంచి రోజూ సాయంత్రం నాన్న, బండి అమ్మేశాక చేరిన గోడౌను డ్యూటీ నుంచి రాగానే మా ఇంట్లో తుప్పు మీద పంచాయితీ నడిచేది. నేను ఒక చోట బ్రష్షు పెడితే ఆయన అడ్డుపడేవాడు. ఇక్కడ గ్రీజు ఉండేది, ఇక్కడికి రాదు. ఇక్కడ వచ్చిందిగానీ నా తప్పు కాదు, కాలవ నీళ్లది. మన డెల్టాలో బండి వానకు తడిసి పాడవదు, దమ్ములో మునిగి పాడవుతుంది, అందుకే తుప్పు కింది నుంచి పైకి ఎక్కుతుంది. దమ్ముకు తగిలించే ఇనప చక్రాలూ, వాటి ఇరుసులూ, బురద ఎక్కడిదాకా లేస్తే అక్కడిదాకా ఒక గీత గీసినట్టు. ఫుట్‌బోర్డు మాత్రం తడి కాళ్ల వల్ల పోయిందని ఒప్పుకున్నాడు. బానెట్ మీద మచ్చే లేదని పందెం కాశాడు. తర్వాత అన్నం తింటూ తింటూ ఆగి, ఒక్క చోట గుండ్రంగా ఉండేది, అది మీ అమ్మ క్యారియర్ పని అన్నాడు. అన్నం వెచ్చగా ఉంటుందని ఇంజను మీద పెట్టుకునేవాడట. ప్రతిరోజూ అడుగు తడిగా ఉన్న క్యారియర్ పంపిన నేరం అమ్మ మీద పడింది. "మెతుకు మిగల్చకుండా తిన్నప్పుడు గుర్తురాలేదా తడి సంగతి?" అని అమ్మ వంటింట్లోంచి అడిగింది. ఆ గుండ్రటి మచ్చను నేను అమ్మ పేరు మీదే వేశాను.

ఇలా ఒక్కో మచ్చకూ వాదించి, తిట్టుకుని, ఒప్పుకుని, ఎర్ర రంగు ఎండకు వెలిసి గులాబీ రంగులోకి తిరిగేదాకా తెచ్చాం. మా ఊరి పొలంలోంచి తెప్పించిన నల్లమట్టిని జల్లించి చక్రాలకు పట్టించాం. ఆరితే అది బూడిద రంగుకు తిరిగి అసలు దమ్ము బురదలాగే పెళుసుగా పగిలింది. అంతా అయ్యాక నాన్న దాన్ని బల్ల మీద పెట్టి చుట్టూ తిరిగి చూసి, బాగుందని అనలేదు. "వెనక నాగలి తగిలించే టాపులింకు పిన్ను వంకరగా ఉండాలి," అని, వంచి, పడుకున్నాడు.

ప్రారంభానికి ముందు రోజు పొద్దున బొమ్మను ఒళ్లో పెట్టుకుని నాన్న, అక్షరాల స్టిక్కరు పట్టుకుని నేను, ఆటోలో షోరూంకు వెళ్లాం. అక్కడ అంతా హడావుడి. ఒక పెయింటరు స్ప్రే గన్నుతో ముందున్న ఇనప బోర్డుకు ఎర్ర రంగు కొడుతున్నాడు. పెదనాన్న అద్దాల పెట్టె దగ్గరే ఉన్నాడు. బొమ్మను చూడగానే ఆయన మొహం మాడిపోయింది.

"ఏంటే ఇది? శుభమా అని షాపు తెరుస్తుంటే గుమ్మంలో పాత ఇనప సామాను పెడతావా?"

"మన బండే కదా పెదనాన్నా చెయ్యమంది. మన బండి ఇట్టాగే ఉండేది."

"ఉండేది. అందుకే అమ్మేశాం."

ఇంత మంచి సమాధానం నాకు తట్టనందుకు ఇప్పటికీ అసూయే. పెదమ్మ మధ్యలో వచ్చి, "పోనీలేండి, పిల్ల కష్టపడింది. పైన రంగే కదా, అతనితో ఓ చెయ్యి వేయిస్తే సరిపోద్ది," అంది. పెయింటరు అప్పటికే గన్ను తీసుకుని వచ్చేశాడు. ఎంతసేపండీ, ఇట్టే అయిపోద్ది అంటూ కింద పాత పేపరు పరిచాడు. నేను బొమ్మకు అడ్డంగా నిలబడ్డాను. జానెడు బొమ్మకు ఐదడుగుల మనిషి అడ్డు నిలబడితే చూడడానికి అంత వీరోచితంగా ఏమీ ఉండదు. పెదనాన్న పక్కకు జరగమన్నాడు. నేను జరగనన్నాను. ఈ రంగు వేస్తే బొమ్మ నాది కాదు, పేరు చెప్పకండి, పట్టుకుపోతాను అన్నాను. పెద్దవాళ్ల ముందు గొంతు లేస్తోందే అన్నాడు ఆయన. లేచింది నిజమే.

అప్పుడు నాన్న, అంతవరకు గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉన్న మనిషి, పెయింటరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగవయ్యా. దాని జోలికి రాకు."

"నువ్వేంట్రా మధ్యలో?" అన్నాడు పెదనాన్న.

"ఆ తుప్పు నాది అన్నయ్యా."

"తుప్పు నీదేంట్రా?"

"నాదే. ఆ క్లచ్చు అరిగింది నా కాలికి. ఆ ఫుట్‌బోర్డు పోయింది నా తడికి. స్టీరింగు మీద రంగు లేనిదంతా నా చేతులే. నువ్వు దాని మీద రంగు కొట్టిస్తే బండి కొత్తదవుద్ది, బానే ఉంటది. మరి నేనెక్కడుంటాను?"

ఇన్ని రోజులూ ప్రతి మచ్చనూ తనది కాదన్న మనిషి ఒక్కసారిగా మొత్తం తనదనేశాడు. సరిగ్గా అప్పుడు పెయింటరు జేబులో ఫోను మోగింది. ఏదో భక్తి పాట, గట్టిగా. అతను పెయింటు చేతులతో ఫోను తీయలేక గంతులు వేస్తుంటే ఆ గంభీరమైన ఘట్టం అక్కడితో కొంచెం తగ్గింది.

పెదనాన్న తగ్గలేదు. "అంటే నేనేం చెయ్యలేదంటావ్. ఊరికే కూర్చున్నానంటావ్."

"కూర్చున్నావు. ఊరికే అని ఎవరన్నారు?" నాన్న బొమ్మను ఇటు తిప్పాడు. "ఇక్కడ చూడు."

ఎడమ పక్క మడ్గార్డు మీద, చుట్టూ గోధుమ రంగు తుప్పు మధ్య, చింతగింజంత చోట ఎర్ర రంగు నిగనిగలాడుతోంది. నేను వెయ్యలేదు. ముందు రోజు రాత్రికి లేదు. ఆటో ఎక్కబోయే ముందు నాన్న అమ్మ పాత చీర ముక్క అడిగి లోపలికి వెళ్లడం అప్పుడు గుర్తొచ్చింది.

"అదొక్కటీ ఏంటి అట్టా మెరుస్తంది?" అన్నాడు పెదనాన్న.

"అది నీ చోటు. రోజూ ఆడే కూర్చుని, గట్టు దాకా తిప్పు, ఇంకో సాలు కొట్టు అని నన్ను సతాయించింది ఎవరు? నీ పంచె తుడుస్తానే ఉంటే ఇంక తుప్పు పట్టేదెప్పుడు?"

పెదనాన్న కళ్లజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని వంగి చూశాడు. వంగిన మనిషి చాలాసేపు లేవలేదు. నడుం పట్టేసిందేమోనని పెదమ్మ కంగారు పడింది.

"కుడి పక్క కాదూ నేను కూర్చుంది?"

"ఎడమే."

"ఎడమేలే." నిలబడి పెయింటరు వైపు తిరిగాడు. "బోర్డు సంగతి చూడవయ్యా, ఇక్కడేం పని నీకు?"

అంతే. కౌగిలింతలు లేవు, కళ్లనీళ్లు లేవు. మా వాళ్లు ఆ రకం కాదు. మర్నాడు ప్రారంభంలో కొత్త ట్రాక్టర్లతోపాటు మా జానెడు బండికి కూడా పూజ జరిగింది. బొట్టు పెడితే హెడ్‌లైటు కనపడలేదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలన్నారుగానీ, నిమ్మకాయ ముందు చక్రమంత ఉండేసరికి బండి కొండను ఢీకొట్టినట్టు ఆగింది. వచ్చిన రైతులు కొత్త బళ్లను ఒకసారి చూసి, అద్దాల పెట్టె దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. ఒకాయన, ఇది మా చేలో దిగబడితే రెండు జతల ఎడ్లతో లాగాం కదయ్యా అని నాన్నను పట్టుకుని వదల్లేదు. పెదనాన్న పెట్టెను ఎడమ మడ్గార్డు జనానికి కనపడేలా తిప్పి పెట్టించాడు. మధ్యాహ్నానికి ఆయన కథ, ఈ మడ్గార్డు మీద కూర్చుని మా తమ్ముడి చేత మొత్తం వ్యవసాయం చేయించాను అన్నదాకా వచ్చింది. నాకు చాలు. సీటు మీంచి దిగాడు, పైగా తమ్ముడు అన్నాడు. పెట్టె కింద అతికించిన అక్షరాల్లోంచి 'యజమాని స్వయంగా నడిపిన' అనే మూడు మాటలను నేను అందరి ముందే బ్లేడుతో లేపేశాను. 'తొలి ట్రాక్టర్' మిగిలింది. నాన్న రెండోసారి పులిహోర పెట్టించుకుంటున్నాడు.

తర్వాత నేను చాలా బొమ్మ బళ్లకు తుప్పు పట్టించాను, ఇప్పటికీ పట్టిస్తున్నాను. కొత్తదానిలా తళతళలాడేట్టు చెయ్యమని అడిగేవాళ్లను షాపులో దొరికే బొమ్మ కొనుక్కోమంటాను. మొండిదాన్నని పేరు వచ్చింది, దానితో బానే బతుకుతున్నాను. పనిచేసిన వస్తువును పనే చెయ్యనట్టు చూపించమంటే మాత్రం నా చెయ్యి ఆడదు.

అయితే ఈ మధ్య ఒక ఇబ్బంది వచ్చింది. ఈ కాలపు బళ్లను చెయ్యమంటే నాకు ఏం వెయ్యాలో తెలియడం లేదు. కొన్న నాలుగేళ్లకే మార్చేస్తున్నారు, రంగు వెలిసే వ్యవధి కూడా ఉండడం లేదు. ఈ వారం ఒకరు తోలితే వచ్చే వారం ఇంకొకరు, ఎవరి కాలూ క్లచ్చు అరిగేదాకా దాని మీద నిలవడం లేదు. మా చిన్నప్పుడు బండి గట్టు మలుపు తిరగకముందే, చప్పుడును బట్టి, వంగిన బంపరును బట్టి, ఫలానావాళ్ల బండి వస్తోందని అరుగు మీద కూర్చున్న ముసలమ్మ కూడా చెప్పేది. నడిపేదెవరో కూడా చెప్పేది. మొన్న ఊరికి వెళ్లినప్పుడు వరసగా ట్రాక్టర్లు ఎదురొస్తుంటే, ఎవరివని నాన్నను అడిగాను. ఆయన కళ్లు చికిలించి, ఒక్కొక్కటీ దగ్గరికి వచ్చేదాకా ఆగి, నెంబరు ప్లేట్లు చదవడం మొదలుపెట్టాడు. ఆ ప్లేట్ల మీద అంకెలు కూడా ఇప్పుడు మా రేడియం షాపుల్లో కొయ్యడం లేదు. ఎక్కడో అచ్చుపోసి పంపిస్తున్నారు, అన్నీ ఒకే రకం.